కప్పు లెక్క, గదుల లెక్క: మన సంఘం 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాది ఈ నివేదికలో మోరీలు, వీధి దీపాలు, బతుకమ్మ ఏర్పాట్లు, చందాలు అని వరసగా రాసేవాళ్లం. అవన్నీ ఈసారీ జరిగాయి. బతుకమ్మ బాగా అయింది, హెల్త్ క్యాంపుకు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు, దీపాల్లో కొన్ని ఇంకా వెలగట్లేదు. జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదువుతారు. ఇక్కడ ఎక్కువ చోటు ఇంకో పనికి ఇస్తున్నాం. మన ఊళ్లో ఎవరు ఎలాంటి ఇంట్లో ఉంటున్నారో, ప్రభుత్వమే బయట పెట్టిన లెక్కల్లోంచి తెలుసుకుందామని మన డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలు పెట్టుకున్న పని అది. "మనకెందుకీ లెక్కలు, కలెక్టరాఫీసు వాళ్లు చూసుకోరా" అని కార్యవర్గంలోనే కొందరన్నారు. ఇప్పటికీ అంటున్నారు, అది వేరే సంగతి.

పోయిన అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు హనుమకొండ, వరంగల్‌లలో లోతట్టు కాలనీలు మునిగినప్పుడు మనం నాలా పక్క బస్తీలో అన్నం ప్యాకెట్లు పంచాం గదా, ఇంటికో లెక్కన తీసుకుపోతే సగం గల్లీకి కూడా చాలలేదు. ఒక్క ఇంటి నంబర్ మీద ముందు గదిలో ఒక కుటుంబం, వెనక రేకుల కింద ఇంకొకటి, మెట్ల కింద మరొకటి, పైన వేసిన గదిలో ఇంకెవరో. తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఇంటి నంబర్‌కు ఒక పేరే రాసుకుని పోయారని కిరాయికుండేవాళ్లు చాలామంది మనతో చెప్పారు. అసలు ఈ కుటుంబాలు ఏ కాగితంలోనైనా ఉన్నాయా అన్న ప్రశ్న అక్కడే మొదలైంది.

ఉచితంగా దొరికేవాటిలో పెద్దది 2011 జనగణనలోని ఇళ్ల లెక్క. ఇంటి కప్పు, గోడ, నేల దేనితో కట్టారు, ఎన్ని గదులు, సొంతమా కిరాయా, నల్లా ఇంట్లో ఉందా బయట ఉందా, మరుగుదొడ్డి ఉందా, ఇవన్నీ వార్డుల వారీగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. పేరుకు 2011 అంటాం గానీ ఇళ్లు తిరిగి రాసుకున్నది 2010లో. అంటే అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు పదో తరగతి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి, వార్డు దాకా దిగే లెక్క అందరికీ అందుబాటులో ఉన్నది ఇప్పటికీ అదే.

పాతబడటం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అసలు తలనొప్పి హద్దులతో వచ్చింది. 2013లో చుట్టుపక్కల 42 గ్రామాలను వరంగల్ కార్పొరేషన్‌లో కలిపారు, వాటి లెక్కలు పాత పట్టికల్లో పల్లెల కింద ఉంటాయి. నగర వార్డులను 2016 ఎన్నికలకు 58 డివిజన్లు చేశారు, 2021కి 66. జిల్లా సంగతి ఇంకా ఘోరం: 2016లో ముక్కలు చేశారు, 2021లో పేర్లు మార్చారు, ఇప్పుడు ఒక్క నగరం హనుమకొండ, వరంగల్ రెండు జిల్లాల్లో పడి ఉంది. జిల్లా సగటు అని ఎక్కడైనా కనిపిస్తే అది ఏ ఏడాది జిల్లానో అడగకుండా నమ్మొద్దని మా పిల్లలు ఇప్పుడు అందరికీ క్లాసు పీకుతున్నారు. పాత వార్డుల మ్యాపు మీద కొత్త డివిజన్ల గీతలు పెట్టి, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లతో సరిచూసుకున్నారు. సరిగ్గా అతకని వార్డులను బలవంతంగా అతికించలేదు, పక్కన పెట్టేశారు. వాళ్లు తయారుచేసిన మ్యాపులో కొన్నిచోట్ల తెల్లగా ఉన్నదేమిటని అడిగినవాళ్లకు జవాబు ఇదే.

ఇక మేం చూసింది చెబుతాం. కప్పు పట్టిక తెరిస్తే మన ఊరు బాగానే కనిపిస్తుంది. గూన ఇళ్లు పోతున్నాయి, స్లాబులు వస్తున్నాయి, సంతోషం. అదే వార్డుకు గదుల పట్టిక తెరిస్తే కథ మారిపోతుంది. స్లాబే, కానీ దాని కింద ఒకటే గది, అందులో ఐదుగురో ఆరుగురో. ఆ లెక్క ప్రకారం అది 'పక్కా' ఇల్లే. ఇల్లు మంచిగుందా, ఉండదగ్గదా, శిథిలమా అన్న ప్రశ్న కూడా ఉంటుంది గానీ దాన్ని మేం పెద్దగా వాడలేదు, ఎందుకంటే ఇంటివాళ్లు ఏది చెబితే అది రాసుకునే జవాబది, ఓనర్ ఒకటి చెబుతాడు, కిరాయిదారు ఇంకోటి చెబుతాడు.

ఇది మన ఒక్క ఊరి సంగతే అనుకోకండి. 2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం దేశంలోని పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని తేల్చింది. అందులో దాదాపు 1.5 కోట్లు ఇరుకు వల్ల వచ్చిన కొరతే, పెళ్లయిన జంటకు విడిగా గది లేకపోవడం లాంటివి. అసలు ఇల్లే లేనివాళ్లు అందులో చాలా చిన్న భాగం. కొరత అనుభవించేది దాదాపు అంతా పేద, తక్కువ ఆదాయ కుటుంబాలే. అప్పటి జనగణనలోనే పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు 1.1 కోట్లు! రాత్రిపూట మన రోడ్డు మీద కొత్త అపార్ట్‌మెంట్లలో ఎన్ని ఫ్లాట్లలో లైట్లు వెలుగుతున్నాయో చూసి, కింద బస్తీలో గల్లీలోనే మంచాలు వేసుకుని పడుకున్నవాళ్లను చూస్తే, ఊళ్లో ఇళ్లు తక్కువయ్యాయని ఎవరైనా ఎలా అంటారో మాకు అర్థం కాదు. ఇళ్లు ఉన్నాయి, వాళ్లకు లేవు.

రిజిస్ట్రేషన్ల శాఖ సైట్‌లో గజం మార్కెట్ విలువ ఇంటి నంబర్ వారీగా చూడొచ్చు. అసలు అమ్మే ధర వేరే అని అందరికీ తెలుసు, కాబట్టి రూపాయలను నమ్మకుండా ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ మధ్య ఉన్న తేడాను మాత్రమే వాడుకున్నాం. ఇంటి పన్ను వివరాలు కూడా నంబర్ కొడితే వస్తాయి. ఇక్కడ ఒక గొడవ జరిగింది, దాచడం ఎందుకు. బకాయిదారుల పేర్లు పట్టిక చేసి గేటు దగ్గర పెడదామని కొందరు పట్టుబట్టారు. కుదరదన్నాం. ఆన్‌లైన్‌లో కనిపిస్తోంది కదా అని పక్కింటాయన పేరు గోడకెక్కించడం మన పని కాదు, మన మ్యాపుల్లో మనుషుల పేర్లు, ఇంటి నంబర్లు ఉండవు, ఇకముందూ ఉండవు. పైగా ఈ రెండు సైట్లూ ఓనర్ల గురించి చెప్పేవే, కిరాయికుండేవాడు వాటిలో ఎక్కడా కనిపించడు. అతని జాడ దొరికేది ఒక్క జనగణనలోనే, అదీ పదిహేనేళ్ల కిందటిది.

అందుకే ఇందిరమ్మ ఇళ్ల జాబితాల దగ్గరికి వచ్చేసరికి బస్తీలో అంత టెన్షన్. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్1, జాగా కూడా లేనివాళ్లు ఎల్2, మిగిలినవాళ్లు ఎల్3. ఐదు లక్షల సాయం మొదటి విడతలో జాగా ఉన్నవాళ్లకే. కట్టుకోవాలంటే జాగా కావాలి నిజమే, కానీ నాలా పక్కన కిరాయికుంటున్న కుటుంబాలకు జాగా ఎక్కడిది? జీవో 58 కింద 125 గజాల లోపు ప్రభుత్వ జాగాలో ఇల్లు వేసుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ అన్నారు, దానికీ ముందు ఆక్రమించుకోవడానికి ఏదో ఒక జాగా దొరికి ఉండాలి. ఎల్2లో ఉన్నవాళ్లు ఏ డివిజన్లో ఎంతమందో సంఖ్య మాత్రం ఇవ్వమని, పేర్లు వద్దని, ఒక ఆఫీసుకు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. ముప్పై రోజులు దాటాక సగం జవాబు వచ్చింది. అప్పీలు వేశాం, ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు అసలు పని. కొత్త జనగణనకు ఇళ్ల లెక్క 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య రాష్ట్రాలవారీగా జరుగుతుంది, జనాభా లెక్క 2027 ఫిబ్రవరిలో. ఈసారి ఫోన్‌లో ఎక్కిస్తారు, మనమే ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు కూడా. మన కాలనీలోనూ, బస్తీలోనూ అందరికీ చెప్పాల్సింది ఒకటుంది. జనగణనలో కుటుంబం అంటే ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు. ఒకే ఇంటి నంబర్ మీద నాలుగు పొయ్యిలుంటే అవి నాలుగు కుటుంబాలు, అన్నదమ్ములైనా సరే, విడిగా వండుకుంటే వేరే. "మేమంతా ఒకటే సార్" అని మర్యాదకు చెప్పేస్తే నాలుగు కుటుంబాలు కాగితం మీద ఒక్కటైపోతాయి. గదులెన్ని, పెళ్లయిన జంటలెన్ని అన్నవి కూడా అడుగుతారు, పరువు కోసం గది ఎక్కువ చెప్పొద్దు. వంటగది, బాత్రూం గది లెక్కలోకి రావు. ఇల్లు గల ఓనర్లకు కూడా ఒక మాట: కిరాయికి ఇచ్చిన సంగతి బయటపడితే పన్ను పెరుగుతుందని వాళ్లను దాచొద్దు. జనగణన చట్టం ప్రకారం ఆ వివరాలు గోప్యం, పన్నుల వాళ్లకు పోవు.

వెనక గదుల్లో, మెట్ల కింద ఉండేవాళ్ల దగ్గరికి ఎన్యుమరేటర్‌ను తీసుకుపోయే మనుషులు గల్లీకి ఇద్దరు చొప్పున కావాలి, అందులో ఒకరు ఆ గల్లీలో కిరాయికుండేవాళ్లే అయితే మంచిది. పేర్లు సర్వసభ్య సమావేశంలో ఇవ్వండి. కిరాయిదారులకు సంఘంలో ఓటు హక్కు ఇవ్వాలన్న తీర్మానం కూడా అదే రోజు పెడుతున్నాం, వ్యతిరేకించేవాళ్లు ముందే కార్యదర్శికి రాసివ్వండి, సభలో చదివి చర్చిద్దాం. చందా బాకీలు మాత్రం ఓనర్లవే ఎక్కువ, దయచేసి కట్టేయండి.