ఆడపిల్ల పేరిట దాచే డబ్బు పెళ్లికేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మద్దిలపాలెం కూడలి నుంచి ఇసుకతోట వైపు వెళ్లే దారిలో నెల రోజులుగా ఒక నగల దుకాణం వారి పొదుపు పథకం హోర్డింగు కనిపిస్తోంది. ఎడమ వైపు పట్టభద్రుల టోపీ, కళ్లజోడు పెట్టుకున్న ఏడెనిమిదేళ్ల బాబు. కుడి వైపు అదే ఈడు పాప, పట్టు లంగా, వడ్డాణం, బుగ్గన చుక్క, నేల చూపులు. కింద పెద్ద అక్షరాలతో 'అబ్బాయి చదువుకు, అమ్మాయి పెళ్లికి' అని రాసి ఉంది. బుగ్గన చుక్క పెళ్లికూతురికి పెట్టేదని మన వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకా పాలపళ్లు పూర్తిగా ఊడని పిల్లకు దాన్ని దిద్దిన వారికి అందులో ఎబ్బెట్టు ఏమీ తోచకపోవడమే నాకు ఆశ్చర్యం కలిగించింది.

గాజువాకలోని ఒక బ్యాంకు శాఖలో చాలాకాలం డిపాజిట్ల కౌంటరులో పనిచేసి రిటైరయ్యాను కనుక, ఈ మాట హోర్డింగు మీదే ఆగిపోదని నాకు తెలుసు. ఒక వేసవిలో ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని, గడువు తీరిన రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులతో వచ్చారు. కొడుకు పేరున ఉన్న డబ్బు తీసి ఇంజినీరింగు రెండో ఏడాది ఫీజుకు డీడీ ఇమ్మన్నారు. కూతురి పేరున ఉన్నదాన్ని మాత్రం మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయమన్నారు. ఆ అమ్మాయి చేతిలో, ప్లాస్టిక్ కవరులో భద్రంగా, ఎంసెట్ ర్యాంకు కార్డు ఉంది. అమ్మాయికీ ర్యాంకు వచ్చినట్టుంది కదండీ అని నేనడిగితే, "అది పెళ్లి డబ్బమ్మా, ముట్టుకోకూడదు" అన్నారు. ఆయన కూతురంటే ఇష్టం లేని తండ్రి కాదు. పిల్లకు దాహమేస్తోందని కూలరు దగ్గరకు తానే వెళ్లి గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చారు. ఆ డబ్బుకు ముందే పెట్టుకున్న పేరు ఆయన్ను కదలనివ్వలేదు. ఆ పేరు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో మద్దిలపాలెం వెళ్లి చూస్తే తెలుస్తుంది.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని 1986లోనే సవరించింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. 1986 నాటి మన రాష్ట్ర సవరణ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను వదిలేసిందన్నది వేరే సంగతి. ఇన్నేళ్లు గడిచినా ప్రకటనలు రాసేవారి లెక్కలో కూతురు వాటాదారు కాదు, ఖర్చు పద్దు. ప్రభుత్వాన్నీ నేను పూర్తిగా వెనకేసుకురాలేను: 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతా నుంచి పదో తరగతి దాటాక పైచదువుకు సగం వరకే తీసుకోనిస్తారు, 18 ఏళ్లు నిండాక పెళ్లికైతే ఖాతా మొత్తం ముగించుకోనిస్తారు.

దుకాణానికి వెళ్లి మేనేజరుతో మాట్లాడాను. మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, "జనం ఇళ్లల్లో అనుకునేదే మేం రాశాం మేడమ్" అన్నారు. ఇళ్లల్లో అనుకునేవి సవాలక్ష ఉంటాయి, అన్నిటినీ ఫ్లెక్సీల మీదకు ఎక్కించరు కదా. బంగారం కొనవద్దనో, పెళ్లికి దాచుకోవద్దనో నేననడం లేదు. కొడుకు పెళ్లికీ ఖర్చవుతుంది, కూతురి చదువుకీ అవుతుంది. ఇద్దరు పిల్లల బొమ్మల కింద 'పిల్లల చదువుకు, పెళ్లికి' అని రాస్తే ఆ దుకాణానికి ఒక్క చందాదారు కూడా తగ్గడు.

ప్రకటనల రంగం తనకు తానుగా 1985లో ఏర్పాటు చేసుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఆడ మగ తేడాల గురించిన హానికరమైన మూస భావాల మీద 2022 జూన్‌లో మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం ఇల్లు శుభ్రం చేసే స్త్రీనో, ఆఫీసుకు వెళ్లే పురుషుడినో చూపడం తప్పు కాదు. ఆ పని ఎప్పటికీ వారిదేననీ, వారికి మరో దారి లేదనీ అనిపించేలా చూపడం తప్పు. ఈ హోర్డింగు ఆ రెండో కోవలోకి వస్తుందని నా అభిప్రాయం. వాట్సాప్‌లో కూడా ఎవరైనా ఫిర్యాదు పంపవచ్చు. ఆ సంస్థ ప్రకటనను మార్చమనో, తీసేయమనో చెప్పగలదే గాని జరిమానా వేయలేదు. అయినా ఫోటో తీసి పంపాను.

మీకు ఇబ్బంది కలిగించినా ఇంకొక్క విషయం రాయక తప్పదు. అదే ప్రకటన గత ఆదివారం మీ పత్రిక విశాఖ పేజీల్లో సగం పేజీ మేర వచ్చింది. ఆ కాగితాన్నే తిప్పితే వెనక, పదో తరగతి ఫలితాల్లో అమ్మాయిలదే పైచేయి అన్న మీ శీర్షిక ఉంది. వచ్చే అక్షయ తృతీయకు ఇలాంటివి ఇంకా వస్తాయి. డబ్బు తీసుకునే ముందు వాటిని మీ విలేకరులలో ఒకరి చేత చదివించమని మీ ప్రకటనల విభాగాన్ని కోరుతున్నాను. నా ఫిర్యాదు ప్రతిని ఈ లేఖకు జతచేశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం