మంచాన పడితేనే లెక్కలోకి వస్తారా?

సంపాదకులు గారికి,

దివ్యాంగుల పింఛన్ల తనిఖీ మీద మీ పత్రికలో వచ్చిన వార్తలు చదువుతున్నాను. దొంగ సర్టిఫికెట్ల వాళ్లను ఏరేయాల్సిందే, కాదనను. కానీ ఏ గడిలోనూ పట్టని వాళ్లు కొందరున్నారు. మా అత్తయ్య గారు వాళ్లలో ఒకరు.

ఆవిడకు 76 ఏళ్లు. నాలుగేళ్ల కిందట ఎడమ చెవి వినపడక మొదలైంది. తర్వాత నడుస్తుంటే తూలడం. స్కానింగ్ తీస్తే మెదడు అడుగున గడ్డ ఉందన్నారు. పేరు మెనింజియోమా. మెదడును చుట్టి ఉండే పొరల్లోంచి పుడుతుందట. ఆడవాళ్లలో ఎక్కువ, చాలావరకు క్యాన్సర్ కాదు, నిదానంగా పెరుగుతుంది. అయితే అత్తయ్యకు వచ్చిన చోటు మంచిది కాదు. మెదడు కాండాన్ని, పక్కనున్న రక్తనాళాన్ని కరుచుకుని ఉంది. ఈ వయసులో ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతుందని చెప్పలేమన్నారు. కోత లేకుండా కిరణాలతో చేసే గామా నైఫ్ వైద్యానికి గడ్డ సైజు మించిపోయింది. "క్యాన్సర్ కాదమ్మా, అదృష్టవంతులు" అని పంపించేశారు. బంధువులూ అదే మాటన్నారు. మా ఆడపడుచు గుళ్లో కొబ్బరికాయ కూడా కొట్టించింది.

ఇక ఆ అదృష్టం సంగతి. అత్తయ్యకు మంచినీళ్లు తాగితే పొలమారుతుంది. మింగడానికి పనికొచ్చే నరాల మీద గడ్డ ఒత్తుతోంది, నీళ్లేమో పల్చన, గొంతు సర్దుకునేలోపే ఊపిరితిత్తుల వైపు జారిపోతాయి. రాగిజావ అయితే దిగుతుంది. మజ్జిగన్నం మెత్తగా పిసికితే దిగుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచమని, ఒక్కో చెంచా పెట్టి, మింగిందో లేదో గొంతు కదలిక చూసి, అప్పుడు రెండోది. ఒక పూట అన్నం ముప్పావుగంట. ఒకరోజు చుట్టాలు వచ్చారని తొందరపడ్డాను. న్యుమోనియా అని తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడున్నాం. ఇలా పెట్టాలని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, అక్కడి నర్సమ్మ ఒకావిడ జాలిపడి చూపించింది.

గడ్డ చుట్టూ వాపు పెరిగినప్పుడు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. అవి ఉన్నట్టుండి ఆపకూడదు, తగ్గించుకుంటూ రావాలి. గోడ క్యాలెండర్‌లో తిథి, వర్జ్యం పక్కనే పెన్సిల్‌తో ఒకటి, ముప్పావు, అర అని రాసుకుంటాను. ఏనాడూ షుగర్ లేని మనిషికి ఆ మాత్రలతో 300 దాటింది. ఫిట్స్ మాత్ర ఒక్క రాత్రి మరిచిపోతే నాకు తెల్లార్లూ టెన్షనే.

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తీసుకెళ్లాం. చెవి వేరే, కన్ను వేరే, కాళ్లు చేతులు వేరే చూశారు. అన్నీ కలిపినా దివ్యాంగుల పింఛనుకు కావాల్సిన 40 శాతం రాలేదు. "నడిచే వచ్చారుగా" అన్నారు. ఆటో దిగిన దగ్గర్నుంచి ఆవిడ బరువంతా నా భుజం మీదే ఉంది. ఆ భుజానికి సర్టిఫికెట్‌లో గడి లేదు. ఆ డాక్టర్ల తప్పు కూడా కాదు, వాళ్లకిచ్చిన ఫారం అలాంటిది.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4 వేలు, దివ్యాంగులకు 6 వేలు, పక్షవాతం లాంటి వాటితో మంచానికే పరిమితమైన వాళ్లకు 15 వేలు. పెంచినందుకు సంతోషమే. అత్తయ్యకు వచ్చేది 4 వేలు. పగలు మాత్రమే ఉండే ఆయా 18 వేలు అడిగింది. అందుకే నేనే ఉండిపోయాను, కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి రెండేళ్లయింది. మేం ఇన్ని పాట్లు పడేది ఆవిడ మంచాన పడకూడదనే. పడితే మాత్రం 15 వేలకు అర్హత! ఈ మాట మా ఆయనతో అంటే నవ్వారు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

వైద్యం పథకాలూ అంతే. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చినప్పటి నుంచి, పేరు మారినా పద్ధతి దాదాపు ఒకటే: ఆపరేషన్ చేస్తేనో, ఆసుపత్రిలో చేరితేనో డబ్బొస్తుంది. 70 దాటిన అందరికీ 5 లక్షలని కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన వయ వందన కార్డు కూడా ఆసుపత్రిలో చేరితేనే పనికొచ్చేది. ఆపరేషన్ వద్దన్న గడ్డకు కావాల్సింది రోజూ మాత్రలు, అప్పుడప్పుడూ ఎమ్మారై, పక్కన మనిషి. వీటికి ఏ కార్డూ పనిచేయదు. న్యుమోనియాకు మాత్రం పనిచేస్తుంది. రాకుండా చూసుకోవడం నేర్పే నర్సుకు పనిచేయదు.

కేరళలో 2008లోనే పాలియేటివ్ కేర్, అంటే నయం కాని జబ్బులో బాధ తగ్గించే సేవల విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపుతున్నారు. క్యాన్సర్ రోగుల దగ్గరికే కాదు, నయం కాని జబ్బుతో ఏళ్ల తరబడి ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల దగ్గరికీ వెళ్తారు. మనకు ఏఎన్ఎంలు ఉన్నారు, ఆశా కార్యకర్తలు ఉన్నారు, 104 బండి ఊళ్లోకి వస్తోంది. వాళ్లకు నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి, అన్నం ఎలా పెట్టాలో, ఫిట్స్ వస్తే ఏ పక్కకు తిప్పాలో, స్టెరాయిడ్ వాడేవాళ్లకు షుగర్ ఎప్పుడు చూడాలో నెలకోసారి ఇంటికొచ్చి చెప్పించలేరా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎక్కువ సహాయం అవసరమైన వాళ్ల ప్రస్తావన ఉంది. దాన్నయినా సదరం ఫారంలోకి తెచ్చి, "ఈ మనిషిని గంటసేపు ఒంటరిగా వదిలి వెళ్లొచ్చా?" అని ఒక్క ప్రశ్న చేర్చమని అధికారులను కోరుతున్నాను. తనిఖీలు ఎలాగూ జరుగుతున్నాయి కాబట్టి ఇప్పుడే చేరిస్తే మేలు. మాకు మళ్లీ స్లాట్ వచ్చేనెలలో ఉంది.

– ఒక పాఠకురాలు, తెనాలి