గ్రాంటుతో పాటు నోటికి తాళమా?

సంపాదకులకు నమస్కారం.

స్వచ్ఛంద సంస్థల లెక్కలు తనిఖీ చేయవద్దని ఎవరూ అనరు. ప్రజల సొమ్ముకు రసీదు ఉండాల్సిందే. పేచీ అంతా ప్రభుత్వ గ్రాంటు వెంట వచ్చే షరతులతోనే. తానిచ్చే గ్రాంటు డబ్బును పార్లమెంటునూ ప్రభుత్వాన్నీ ప్రభావితం చేసే పనులకు వాడరాదని 2016లో బ్రిటన్ ప్రభుత్వం నిబంధన ప్రకటించింది. సేవాసంస్థలు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో అదే ఏడాది వెనక్కి తగ్గింది.

రాతలో లేని షరతు ఇంకా గట్టిది. ముసాయిదా నివేదికలో ‘అధికారుల నిర్లక్ష్యం’ అని రాసిన సేవాసంస్థల వారే, గ్రాంటు పునరుద్ధరణ నెల దగ్గరపడగానే దాన్ని కొట్టేసి ‘సమన్వయ లోపం’ అని దిద్దుతారు. నేనూ దిద్దాను. ఎవరూ అడగలేదు కూడా.

ఏటేటా కాక మూడు నాలుగేళ్లకు ఒకేసారి నిధులు మంజూరు చేస్తే ఆ చేయి కాస్త తక్కువ వణుకుతుంది. గ్రాంటు ఆపితే కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

— ఒక సేవాసంస్థ మాజీ ఉద్యోగి