కాటన్ దొర కూతురి జాడ చూపించినవాళ్ళకు

మా పొలానికి నీళ్ళొచ్చేది ధవళేశ్వరం ఆనకట్ట నుంచే. మా తాతగారు తర్పణం వదిలేటప్పుడు పెద్దలతో పాటు కాటన్ దొర పేరూ తలుచుకునేవారు. ఆ దొర వంశం ఎటు వెళ్ళిందో తెలుసుకోవాలని రెండేళ్ళుగా వెతుకుతున్నాను. కాటన్ అన్న ఇంటిపేరే పట్టుకుని వేలాడాను. ఆ ఇంటిపేరు వదిలేసి పెళ్ళిళ్ళు పట్టుకోమని దారి చూపించిన ఇంగ్లండు పెద్దావిడకు ముందుగా నా నమస్కారాలు. తన పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

ఇంగ్లండులో జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు 1837 జులైలో మొదలైంది. ఆ సూచికల్లో దొర కూతురు ఎలిజబెత్ ఎంత వెతికినా దొరకలేదు. ఒకటే టెన్షన్. ఎలా దొరుకుతుంది? ఆమె అక్కడ పుట్టలేదు! ఒంట్లో బాగోక సెలవు మీద ఆస్ట్రేలియా దగ్గరి టాస్మేనియా దీవికి వెళ్ళిన దొర 1841లో అక్కడే పెళ్ళి చేసుకున్నారు. మరుసటి ఏడు ఈ అమ్మాయి పుట్టింది. 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ను పెళ్ళాడి లేడీ హోప్ అయ్యారు. ఆయన 1881లో పోయారు. 1893లో డెన్నీ అనే వ్యాపారిని చేసుకున్నారు. నేను వేర్వేరు కాగితాల మీద రాసుకున్న ముగ్గురూ ఒక్కరే! 1900లో తండ్రి జీవితచరిత్ర వెలువరించిందీ ఆవిడే.

ఇంగ్లండు పెళ్ళి రిజిస్టర్లలో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. తల్లి పేరుకు చోటిచ్చింది 2021లోనే. అందుకే సాక్షుల సంతకాలు కూడా చదవమన్నారు పెద్దావిడ. చాలాసార్లు అక్కడ అన్నదమ్ములో, బావగారో ఉంటారట. మా ఇంటి వంశవృక్షం తీసి చూస్తే మేనత్తల పేర్లన్నీ పెళ్ళి దగ్గరే ఆగిపోయాయి. చాలా బాధేసింది. ఆ కొమ్మలు కూడా ఇప్పుడు రాయడం మొదలుపెట్టాను.

ఇక ఇంగ్లండులోని సర్రేలో ఉద్యోగం చేస్తున్న మన కోనసీమ తమ్ముడు. దొర 1899లో కన్నుమూసిన డార్కింగ్‌కు ఆదివారం పనిగట్టుకుని వెళ్ళి, సమాధి దగ్గర నుంచి వీడియో కాల్ చేశాడు. వాన పడుతోంది. జేబురుమాలుతో రాయి తుడిచి, ఫోన్ దగ్గరగా పెట్టి అక్షరం అక్షరం చూపించాడు. మా అమ్మ నా భుజం మీదుగా చూస్తూ దణ్ణం పెట్టుకుంది. తమ్ముడూ, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

మే 15 దొర పుట్టినరోజు. ఆలోగా దొర వంశవృక్షం చార్టు పూర్తి చేసి మా ఊరి బడికి ఇస్తాను. హోప్, డెన్నీ పేర్లు కూడా కాటన్ పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉంటాయి. మొదటి ఫొటో మీ ఇద్దరికే పంపిస్తాను.