ఘాట్ రోడ్డు వీడియోలకు ఇంట్లో చేసుకునే కెమెరా బిగింపు

సంపాదకులకు నమస్కారం.

సెలవులు వస్తే చాలు, అనంతగిరి ఘాట్, శ్రీశైలం ఘాట్ మలుపుల వీడియోలు ఫోన్ల నిండా తిరుగుతుంటాయి. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని తీసినవేవో చూడగానే తెలిసిపోతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, బండి నడుపుతూ ఫోను చేత పట్టుకుని వాడడం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగే. చట్టం సంగతి అలా ఉంచినా, హెయిర్‌పిన్ మలుపులో రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలి. కెమెరాను కదలకుండా పట్టుకునే బిగింపు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆ పద్ధతిని కొలతలతో సహా మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం.

ముందుగా ఒక అపోహ పోవాలి. కెమెరా కింద స్పాంజి పెడితే అదురు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. రెండు వందల గ్రాముల ఫోను మెత్తటి స్పాంజి మీద స్ప్రింగుకు కట్టిన బొమ్మలా ఊగుతుంది. కెమెరా కారు బాడీతో ఒక్కటైపోవాలి. అప్పుడు గతుకులో కారు ఎగిరినా కెమెరా దానితోపాటే ఎగురుతుంది, ఫ్రేములో డ్యాష్‌బోర్డు నిలకడగా కనిపిస్తుంది, చూసేవాళ్ల కంటికి ఇబ్బంది ఉండదు. కంటిని బాధపెట్టేది కెమెరా విడిగా చేసే ఊగులాటే. దానికి మూలం బిగింపులో వదులు, కెమెరాను మోసే కడ్డీ (బిగింపు చెయ్యి) పొడవు. ఒక కొస బిగించి రెండో కొసన బరువు పెట్టిన కడ్డీని సగానికి కోస్తే అది ఎనిమిది రెట్లు గట్టిపడుతుంది, అంటే అదే బరువుకు ఎనిమిదో వంతే వంగుతుంది. పొడుగు మెడ ఉన్న స్టాండ్లన్నీ వణికేది ఇందుకే.

ఇందుకు అనువైన చోటు, ఎవరూ కూర్చోని ఎడమవైపు ముందు సీటు హెడ్‌రెస్టు. దాన్ని ఐదారు సెంటీమీటర్లు పైకి లాగితే రెండు ఇనుప కడ్డీలు బయటపడతాయి. వాటికి అడ్డంగా 25 మి.మీ. చదరపు అల్యూమినియం ట్యూబు బిగించాలి. గోడ మందం 2 మి.మీ., పొడవు 45 సెం.మీ. ఉంటే సరిపోతుంది. కారు మధ్యవైపున్న కడ్డీ దాటి 15 సెం.మీ. మాత్రమే బయటికి రావాలి, కెమెరా ఆ కొసన ఉంటుంది. ట్యూబుకు ఎదురుగా కడ్డీ అవతలి వైపు 25 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న లోహపు పట్టీ ముక్క పెట్టి, కడ్డీకి చెరో పక్క ఒక్కో బోల్టు చొప్పున బిగిస్తే, కడ్డీ ఆ రెంటి నడుమ నొక్కుకుపోతుంది. మొత్తం రెండు పట్టీ ముక్కలు, ఒక్కోటి 8 సెం.మీ.; 6 మి.మీ. బోల్టులు నాలుగు, 65 మి.మీ. పొడవువి, నైలాక్ నట్లు (అదురుకు వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) నాలుగు, వాషర్లు ఎనిమిది. రంధ్రాలు 6.5 మి.మీ. బిట్టుతో వేయాలి. కడ్డీల మధ్య దూరం కారు కారుకూ మారుతుంది కాబట్టి కొలిచాకే వేయండి.

హార్డ్‌వేర్ షాపులో అర అంగుళం పైపుకు వాడే యు-బోల్టు చేతికిస్తారు. అది తీసుకోవద్దు. ఆ పైపు బయటి కొలతే 21 మి.మీ., హెడ్‌రెస్టు కడ్డీ 10 నుంచి 14 మి.మీ. మించదు. ఆ ఖాళీని రబ్బరు చుట్టలతో పూడిస్తే మళ్లీ స్పాంజి కథే. కడ్డీకి గీతలు పడకుండా, జారకుండా సైకిలు ట్యూబు ముక్క ఒక్క చుట్టు చాలు. ఇంకో సంగతి: బోల్టు బిగించేకొద్దీ ట్యూబు గోడ లోపలికి నొక్కుకుపోతుంది. బిగింపు వచ్చే చోట్ల ట్యూబు లోపలికి సరిగ్గా పట్టే టేకు ముక్క దూర్చి, దాన్ని కూడా కలిపి రంధ్రం వేయాలి. ఇది వదిలేస్తే వారానికోసారి నట్లు వదులవుతూనే ఉంటాయి.

కెమెరా అడుగున ఉండే మర పావు అంగుళం, అంగుళానికి 20 పళ్లు. మన దగ్గర ఎక్కడైనా దొరికే 6 మి.మీ. బోల్టు చూడడానికి అలాగే ఉంటుంది, రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత పట్టేస్తుంది. బలవంతం చేస్తే కెమెరా మర పోతుంది. షాపులో పావు అంగుళం, 20 పళ్లు అని అడిగి, పావు అంగుళం నట్టు ఎక్కించి చూసుకునే తీసుకోండి. పొడవు ఒకటిన్నర అంగుళం. ట్యూబులోంచి దూర్చాక 5 మి.మీ. కంటే ఎక్కువ బయటికి రాకుండా వాషర్లు వేయాలి, లేదంటే బోల్టు కొస కెమెరా అడుగును పొడుస్తుంది. బోల్టును పైనుంచి దించి కెమెరాను తలకిందులుగా వేలాడదీస్తే లెన్సు కిందికి దిగి, వెనక బండ్లు చూసుకునే లోపలి అద్దం ఫ్రేములోకి రావడం తగ్గుతుంది. దానికోసం ఇంకో చెయ్యి కలపక్కర్లేదు. దృశ్యాన్ని తిప్పుకోవడం ఎడిటింగులో క్షణం పని. వంపు సరిచేయడానికి బాల్ హెడ్ (ఎటైనా తిప్పి బిగించుకునే గుండు కీలు) పెడితే లోహపుదే పెట్టండి. మేలో మూసిన కారులో ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పీవీసీ పైపుతో చేసిన చెయ్యి వంగిపోతుంది, హాట్ గ్లూ ఊడిపోతుంది.

ఇంత చేసినా సీటు వీపులోనే కొంచెం ఆట ఉంటుంది. వీపును నిటారుగా పెట్టి, సామాను కట్టే పట్టీని ట్యూబు నుంచి వెనక సీటులో పిల్లల సీటు బిగించే ఇనుప కొక్కేనికి లాగి కడితే ఆ ఆట ఒకే పక్కకు ఆనిపోతుంది. ఈ ఒక్క పట్టీతో వచ్చే తేడా కంటికి తెలుస్తుంది.

బయల్దేరే ముందు బండి ఆన్ చేసి, న్యూట్రల్‌లో నిమిషంపాటు రికార్డు చేసి చూడండి. మూడు సిలిండర్ల ఇంజను 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 20 సార్లు అదురుతుంది. దృశ్యం జెల్లీలా అలలు అలలుగా కదిలి, 1500 దాటాక సర్దుకుంటే, చెయ్యి ఆ అదురుతో శ్రుతి కలిసిందన్నమాట. కెమెరాను కడ్డీకి మూడు సెంటీమీటర్లు దగ్గరికి జరపండి. కెమెరా లోపలి డిజిటల్ స్టెబిలైజేషన్‌ను (దృశ్యం కుదుపును సాఫ్ట్‌వేరుతో సరిచేసే ఏర్పాటును) ఆపేసి కూడా ఒకసారి చూడాలి. ఫ్రేములో డ్యాష్‌బోర్డు ఎక్కువగా ఉంటే ఆ సాఫ్ట్‌వేరు తికమకపడి బయటి రోడ్డును ఈడుస్తుంది. ఫోకస్‌ను దూరానికి లాక్ చేయకపోతే అద్దం మీది దుమ్ము మీదికి పోతుంది. డ్యాష్‌బోర్డు మీద నల్ల గుడ్డ పరిస్తే అద్దంలో దాని నీడ పడదు. గుడ్డ తప్ప అక్కడ ఇంకేమీ పెట్టకండి.

ఎందుకంటే 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లలో ముందు ప్రయాణికుడి వైపు కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది కన్నుమూసి తెరిచేలోపు విచ్చుకుంటుంది, మూత మీద ఏముంటే దాన్ని కారులోకి విసురుతుంది. బియ్యం నింపిన సంచీ మీద ఫోను పెట్టి డ్యాష్‌బోర్డు మీద ఉంచేవాళ్లు దీన్ని గమనించాలి. తలుపుల పైన, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉండే అంచుకూ ఏదీ బిగించకూడదు. మన బిగింపుకూ జాగ్రత్తలున్నాయి. ట్యూబు రెండు కొసలకూ టెన్నిస్ బంతి కోసి తొడగాలి. డ్రైవరు తలకు కనీసం ఒక జానెడు దూరం ఉండాలి. దాని వెనక సీటులో, నడిమి సీటులో ఎవరినీ కూర్చోబెట్టకూడదు. బ్రేకు గట్టిగా పడితే మొహం తగిలేది ఆ ట్యూబుకే. కెమెరాకు విడిగా నైలాన్ తాడు కట్టి హెడ్‌రెస్టు కడ్డీకి ముడి వేయాలి. రికార్డింగ్ బటన్ నొక్కడం బండి కదలకముందే అయిపోవాలి.

మీ ఆదివారం అనుబంధంలో ఈ బిగింపు బొమ్మను కొలతలతో వేయమని మనవి. మాటల్లో తికమకగా ఉండే భాగం కడ్డీని ట్యూబుకూ పట్టీకీ మధ్య నొక్కడం. ఆ ఒక్కదాన్నీ పక్కనుంచి కోసి చూపినట్టు గీయిస్తే వెల్డింగు షాపులో ఎవరికైనా చూపించి చేయించుకోవచ్చు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ