తుఫాను సంచి కుట్టించిన పిల్లలకి, మా ఊరి డ్వాక్రా సంఘాల తరఫున

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరి తరఫున ఇది రాస్తున్నాను. మా ఊళ్లో మకాం పెట్టి, మాతో పాటు అన్నం తిని, మా చేత తిట్లు కూడా తిని, తుఫాను వస్తోందంటే ఎవరు ఏం చెయ్యాలో మా చేతే తేల్పించి, కిడ్నీ జబ్బువాళ్ల వివరాలు ఒంటిమీదే ఉండేలా తుఫాను సంచి కుట్టించి వెళ్లిన ఆ నలుగురు డిజైన్ చదువు పిల్లలకి కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. వాళ్లలో ఒకమ్మాయిది విజయనగరం. ఇది చదివి మిగతా ముగ్గురికీ హిందీలో చెబుతుందని ధైర్యం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140-150 కిలోమీటర్ల గాలి. మన కొబ్బరి, జీడి, పనస తోటలు ఏమయ్యాయో ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అప్పుడు సాయానికి లోటు లేదు, వచ్చిన ప్రతి చేతికీ దండం. కానీ కరెంటు స్తంభాలు నేలమీద పడుకుని ఉంటే మాకు ఛార్జింగు లైట్లు పంచినవాళ్లున్నారు. ఫొటో దిగి వెళ్లిపోయారు. ఆ లైట్లు ఎక్కడ గుచ్చాలో వాళ్లూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈ పిల్లలు ఏమీ తేలేదు. "ఏటి బాబూ, ఒట్టి సేతుల్తో వొచ్చినారు?" అని మా వీధి చివర ముసలమ్మ మొహం మీదే అనేసింది. నిజానికి అందరికీ అదే అనుమానం.

మీకేం కావాలి అని వాళ్లు అడగలేదు. అలా అడిగితే రోడ్డు, ఇల్లు, పింఛను అంటామని ముందే తెలుసు కాబోలు. తిత్లీ రాత్రి ఎక్కడున్నారు, తుఫాను షెల్టరుకి ఎవరెవరు వెళ్లలేదు, ఎందుకు వెళ్లలేదు అని అడిగారు. రామమందిరం దగ్గర మీటింగు పెడితే మగవాళ్లందరూ "అందరం ఎల్లినాం" అన్నారు. ఆ విజయనగరం అమ్మాయి ఊరుకోలేదు. మధ్యాహ్నం మేం జీడిపిక్కలు కొట్టుకునే చోటికి వచ్చి, తనూ చేతికి నూనె రాసుకుని కూర్చుంది. జీడి పాలకి వేళ్లు నల్లబడ్డాక అసలు మాటలు బయటికొచ్చాయి. షెల్టరులో మరుగుదొడ్డి తలుపుకి లోపల గడియ లేదు, దీపం లేదు. అందుకని సగం మంది ఆడవాళ్లు వెళ్లలేదు, వెళ్లినవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేశారు. ఈ మాట మా సర్పంచిగారికి కూడా అప్పుడే తెలిసింది. ఆయన వెంటనే మేస్త్రిని పంపి గడియలు పెట్టించారు. ఆయనకీ ధన్యవాదాలు, అయిదేళ్లు ఆలస్యమైనా.

విపత్తు శిబిరాలకి ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాలు ఉన్నాయట. మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకి 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, మగవాళ్లకి ఒకటి ఉంటే ఆడవాళ్లకి మూడు. ఆ అంకెలు చదివి వినిపించి ఊరుకోకుండా, షెల్టరు గచ్చు మీద సుద్దముక్కతో 3.5 చదరపు మీటర్ల గడి గీశారు. ఇందాకటి ముసలమ్మే అందులో నడుం వాల్చి చూసి, "నాకు సరిపోద్ది గానీ, నా మేకెక్కడ పడుకుంటాది?" అంది. అందరం నవ్వాం, ఆ పిల్లలు మాత్రం రాసుకున్నారు. మేకల్ని, దూడల్ని వదిలి రాలేక ఇళ్లలో ఉండిపోయినవాళ్లు ఎందరో ఆ తర్వాత లెక్క తీస్తే తెలిసింది.

ఆ లెక్క తీసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. వీధిలో ముగ్గుపిండితో ఊరంతా గీయించారు. ఏ ఇంట్లో మోసుకురావలసిన మనిషి ఉంటే ఆ ఇంటి మీద ఒక జీడిపిక్క పెట్టమన్నారు. మంచానపడ్డవాళ్లు, నెలలు నిండినవాళ్లు, కిడ్నీలు చెడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లు. పెడుతూ పెడుతూ పోతే మా వీధి నిండిపోయింది. ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలని ఈ కిడ్నీ జబ్బు మన ఉద్దానంలో ఎన్ని గడపలు తొక్కిందో అందరికీ తెలుసు. కానీ ఎవరింటి సంగతి వాళ్లకి తెలియడం వేరు, పిక్కలు కళ్లముందు వరసగా కనిపించడం వేరు. కాసేపు ఎవరికీ మాట రాలేదు.

మా మావయ్యగారు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వెళతారు. 2023 డిసెంబరులో అక్కడ 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక దూరాభారం తగ్గింది. కానీ తుఫానుకి చెట్లు రోడ్డుకి అడ్డంగా పడితే ఆ దారీ మూసుకుపోతుంది. డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరూ పొటాషియమూ పేరుకుంటాయి, పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. అమెరికాలో 2012లో శాండీ తుఫానుకి ముందే డయాలసిస్ చేయించేసుకున్నవాళ్లలో ఆసుపత్రి పాలైనవాళ్లు, పోయినవాళ్లు తక్కువని తర్వాత తేలిందట. ఇంకో సంగతి విని మా అత్త గుండెలు బాదుకుంది. తిత్లీ తర్వాత తాగేందుకు నీళ్లు లేక, పడిపోయిన చెట్ల బొండాలు కొట్టి మావయ్యకి తాగించాం. కొబ్బరినీళ్లనిండా పొటాషియమే. పనసా అంతే. తుఫాను వెళ్లాక మన ఊళ్లలో ముందు చేతికందేది ఆ బొండాలే. ఆసుపత్రిలో తినకూడనివాటి కాగితం ఇస్తారు గానీ, తాగడానికి ఇంకేమీ లేని రోజున ఏం చెయ్యాలో అందులో ఉండదు. డయాలసిస్ ఉన్నవాళ్లకని విడిగా మూతపెట్టిన నీళ్ల డబ్బాలు షెల్టరులో ఉంచడం అప్పుడు మొదలైంది.

ఇక సంచి సంగతి. ఎక్కడ చిక్కుకుపోయినా, ఏ డాక్టరు చేతిలో పడినా రోగి వివరాలు ఒంటి మీదే ఉండాలన్నది ఆలోచన. డయాలసిస్ రోజులు, వాడే మందులు, రక్తం గ్రూపు, డ్రై వెయిటు (ఒంట్లో ఎక్కువైన నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఏ చేతికి ఉందో, ఆ చేతికి సూది గుచ్చకూడదు, బీపీ చూడకూడదు అని. మొదట ప్లాస్టిక్ కార్డు అచ్చు వేయించి తెచ్చారు, చూడముచ్చటగా ఉంది. వారం తర్వాత అడిగితే మావయ్య "బద్రంగానే ఉంది, పెట్టిలో ఎట్టీసినాను" అన్నారు. తర్వాత ఫోనులో పెట్టారు. కరెంటు పోయి ఫోను చచ్చిపోతే ఏటి సేస్తావని మా మరిదే తేల్చేశాడు. ఆ పిల్లలు చిన్నబుచ్చుకోలేదు. మీ దగ్గర ఎప్పుడూ ఒంటిమీద ఉండే వస్తువేది అని అడిగారు. ముసలమ్మలు నవ్వుతూ నడుముకి దోపుకున్న చుట్టల సంచి తీసి చూపించారు.

ఇంకేముంది, నేను మిషను ముందు కూర్చున్నాను. ఆడవాళ్లకి నడుముకి కట్టుకునే తాడుతో, మగవాళ్లకి బనీను జేబులో పట్టేలా. పై గుడ్డ ఎర్రది, చీకట్లో వెతుక్కోవడానికి. లోపల జీడిపప్పు ప్యాకింగు కవరు అస్తరు. నీళ్ల బకెట్లో రాత్రంతా ముంచి ఉంచితే కాగితం తడవలేదు. రెండు రోజుల మాత్రలకి చిన్న అర కూడా పెట్టాం. తాడు ముడి మాత్రం అత్త మూడుసార్లు విప్పించి మళ్లీ కుట్టించింది, వేళ్లు వణికేవాళ్లకి ఆ ముడి రాదట.

ఈ చదువుని హ్యూమన్ సెంటర్డ్ డిజైన్ అంటారట. దీనికి ఐఎస్‌ఓ 9241-210 అని అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉందట. వాడేవాళ్లని మొదట్నుంచి చివరిదాకా కలుపుకోవాలి, చేసి చూపించి మళ్లీ మార్చాలి అని అందులో ఉందట. మనిషిని అడిగి చెయ్యమని చెప్పడానికి నంబరు వేసి కాగితం రాయాల్సి వచ్చిందంటే, అడగకుండా చేసినవి ఎన్నున్నాయో!

మొన్న వాయుగుండం పట్టినప్పుడు ఇదంతా అక్కరకొచ్చింది. వాతావరణ శాఖ వాళ్లు తుఫాను అలర్టు 48 గంటల ముందు, వార్నింగు 24 గంటల ముందు ఇస్తారు. వార్నింగు దాకా ఆగొద్దు, అలర్టు రాగానే డయాలసిస్ వాళ్లని పంపించెయ్యాలి అన్నది మేం రాసుకున్న కట్టుబాటు. ఈసారి అలర్టు దాకా పోకముందే, రామమందిరం మైకులో మొదటి కబురు రాగానే ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఆటోలు ఎక్కించింది. ఆసుపత్రివాళ్లు ఒకరోజు ముందే మెషీను మీద పెట్టారు. వాళ్లందరికీ దండాలు. డబ్బులు తర్వాత చూసుకుందామన్న ఆటో మావయ్యలకి కూడా. గాలి పెద్దగా రాలేదు. అయినా ఆ రాత్రి మావయ్య నిద్రపోయారు, మేమూ నిద్రపోయాం.

అన్నీ అయిపోలేదు. షెల్టరు మోటారుకి కరెంటు పోతే గతి లేదు. మేకల పాక కాగితం మీదే ఉంది. సాయానికి పిలవడానికని ఈలలు పంచిన ఆలోచన మాత్రం ఉత్తిదే, మా ఊరి చిన్నపిల్లలు రెండు రోజులు ఊది పారేశారు. ఆ నలుగురూ పని వేళల్లో మీటింగులు పెట్టి కొన్నాళ్లు మా కూలి చెడగొట్టారు కూడా, అదీ చెప్పాలి. తర్వాత రాత్రి అన్నాలయ్యాక పెట్టుకున్నారనుకోండి.

బాబూ, అమ్మా, పనసకాయల రోజుల్లో ఒకసారి రండి. మీటింగు పెట్టొద్దు.

పక్క ఊళ్ల డ్వాక్రా అక్కలకి ఒక మాట. ఆది సంచి, లోపలి కాగితం నమూనా మా సంఘం దగ్గర ఉన్నాయి. వచ్చి అడిగితే కత్తిరించి ఇస్తాం. గుడ్డ మాత్రం మీరే తెచ్చుకోండి, ఎర్రదే తెండి.