సైటు జోలికి పోకు

నల్లగొండ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం, దాంతో మడతపెట్టి పంపిన నీ ఎయిర్ రైఫిల్ గురికాగితాలు అందాయి. ఉత్తరం కంటే ఆ కాగితాలనే ఎక్కువసేపు చూశాను. ఒక కాగితం మీద నాలుగు రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఐదోది ఎక్కడో మూలకు పోయింది. దాని పక్కన "సైటు తిప్పాను" అని రాశావు చూడు, అక్కడ నాకు నిజంగానే కోపం వచ్చింది. ఇంకెప్పుడూ ఆ పని చేయకు. సైటు, అంటే గురి చూసుకునే ఆ భాగం, తిప్పితే రంధ్రాల గుంపు మొత్తం ఎడమకో కుడికో జరుగుతుంది, అంతే. చెదిరిన గుంపు దగ్గరపడదు. ఒక్క పెల్లెట్ (సీసం గుండు) దారి తప్పిందని సైటు తిప్పితే, సరిగ్గా పడుతున్న నాలుగింటినీ చేజేతులా చెడగొట్టినట్టే. ముందు ఆ ఒక్కటి ఎందుకు పక్కకు పోతోందో తేల్చాలి.

నీది స్ప్రింగు రైఫిల్ కదా, సగం జవాబు అందులోనే ఉంది. పెద్ద పోటీల్లో వాడే రైఫిళ్లలో గాలిని ముందే సిలిండర్‌లో నింపి ఉంచుతారు. ట్రిగ్గర్ నొక్కితే వాల్వు తెరుచుకుని ఆ గాలి పెల్లెట్‌ను తోస్తుంది, తుపాకీ దాదాపు కదలదు. నీదాంట్లో బిగించి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా పిస్టన్‌ను ముందుకు విసురుతుంది, అది నొక్కిన గాలే పెల్లెట్‌ను తోస్తుంది. ఆ విసురుకు రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరికి చేరి ఆగేసరికి మళ్లీ ముందుకు గుంజుతుంది. ఇదంతా మొదలయ్యేది పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే. ఆ కదలికను ఆపడం ఎవరివల్లా కాదు. ప్రతిసారీ ఒకే తీరుగా కదలనివ్వడమే మనం చేయగలిగింది.

అందుకే ఎడమ చేత్తో గట్టిగా పట్టుకోకు. నువ్వు బలమున్నవాడివి, పట్టు బిగిస్తే గురి నిలుస్తుందని నీకు అనిపించడం సహజం. కానీ బిగింపు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతుంది, రైఫిల్ కూడా ఒక్కోసారి ఒక్కో తీరుగా తంతుంది. అరచెయ్యి తెరిచి, పసిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు, రైఫిల్‌ను దాని మీద ఊరికే ఆననివ్వు. వేళ్లు పైకి చుట్టకు. భుజానికి కూడా తాకీతాకనట్టుగా ఉంటే చాలు. చెయ్యి ఎక్కడ పెట్టావో అక్కడ చెక్క మీద చిన్న టేపు ముక్క అంటించు, ప్రతి దెబ్బకూ అదే చోట పెట్టు. రెండంగుళాలు ముందుకో వెనక్కో జరిపితే గుంపు వేరే చోట పడుతుంది. కావాలంటే నువ్వే పరీక్షించి చూడు. పిట్టగోడ మీద నేరుగా ఆనించి కొట్టానన్నావు. గట్టి వస్తువు మీద పెడితే స్ప్రింగు రైఫిల్ ఎగిరి దూకుతుంది. గోడ మీద ఇసుక సంచి వేసి, దాని మీద నీ చెయ్యి, చెయ్యి మీద రైఫిల్, ఆ వరుసలో పెట్టుకో.

ఇక మరల (స్క్రూల) సంగతి. రైఫిల్‌ను ఒళ్లో పెట్టుకుని ముందుభాగం చెక్కకు రెండు పక్కలా ఉన్న మరలు, ట్రిగ్గర్ గార్డు దగ్గరి మర ఒక్కసారి చూడు. స్ప్రింగు రైఫిల్ తన అదురుకు తన మరల్నే వదులు చేసుకుంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే పావు చుట్టు లోపలికి పోయిందా, నీ తప్పిపోయిన పెల్లెట్లలో కొన్నింటికి కారణం దొరికినట్టే. అలాగని మరీ బిగించకు, చెక్క నలిగిపోతుంది. స్కోపు (గురి చూసే దుర్బిణి) పెట్టుకుంటే దాని బిగింపులు కూడా ఇలాగే చూసుకోవాలి. ముందుకీ వెనక్కీ తన్నే ఈ దెబ్బకు మామూలు స్కోపులు లోపలే చెడిపోతాయి. అయినా నీ కూతురు పోటీలకు పోవాలనుకుంటోంది కాబట్టి ఇప్పుడు స్కోపు వద్దనే అంటాను. మన దేశంలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు మామూలు సైటుతో కొట్టే ఓపెన్ సైటు విభాగం ఉంది, ఆ పిల్ల అక్కడే మొదలుపెట్టనీ.

పెల్లెట్ల విషయం నువ్వు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఒక డబ్బా కాగితం మీద పోసి, దీపం దగ్గర పెట్టి, ఒక్కొక్కటీ తిప్పి చూడు. నడుము సన్నగా, వెనక లంగాలా విప్పారి ఉంటుంది కదా, ఆ అంచు మెత్తటి సీసం. కొన్నింటికి అంచు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటుంది. అలాంటిది బ్యారెల్ లోపలి గాడిని ఒక పక్క సరిగ్గా పట్టదు, గాలి అటువైపు నుంచి తప్పించుకుంటుంది, బయటకు రాగానే పెల్లెట్ ఊగుతుంది. వాటిని పక్కన పడెయ్. అన్నీ 4.5 మి.మీ. అనే రాసి ఉంటాయి కానీ, తల కొలత 4.49, 4.50, 4.51, 4.52 అంటూ వేర్వేరుగా దొరుకుతాయి. ఏ బ్యారెల్‌కు ఏది కుదురుతుందో కొట్టి చూస్తేనే తెలుస్తుంది. కాగితానికైతే తల చదునుగా ఉన్నవే కొను, అంచు తెగినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది. ఇది సీసం, మర్చిపోకు. కొట్టడం అయ్యాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం ముందు కూర్చోండి.

బ్యారెల్‌లో నూనె వేస్తే నున్నగా పోతుందని ఎవరో చెప్పారట. వెయ్యకు. పిస్టన్ ముందు గాలి ఒత్తిడికి బాగా వేడెక్కి ఆ నూనె అంటుకుంటుంది. పొగ వస్తుంది, చప్పుడు పెరుగుతుంది, వేగం ఒక్కో దెబ్బకు ఒక్కోలా మారుతుంది.

వేగం అంటే గుర్తొచ్చింది, దాని గురించి నువ్వు అనవసరంగా బెంగపడుతున్నావు. లెక్క వేసి చూడు. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్ల దూరంలో భూమి లాగుడుకు సుమారు 17 మి.మీ. కిందికి దిగుతుంది. వేగం 180 అయితే సుమారు 15. తేడా రెండు మి.మీ. మాత్రమే. అదే సైటు సంగతి చూడు. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య అర మీటరు ఉందనుకుందాం. అక్కడ ఒక్క మి.మీ. తప్పితే కాగితం మీద 20 మి.మీ. తప్పుతుంది. కాబట్టి పది మీటర్ల దగ్గర మూలకు పోయిన ఆ పెల్లెట్‌కు వేగం దోషి కాదు. చెయ్యి, కన్ను, లేదా ట్రిగ్గర్. ముందు సైటు కొనను స్పష్టంగా చూడు, గురికాగితం మీది నల్ల బొట్టు కాస్త మసకగా కనబడితే కనబడనీ.

ట్రిగ్గర్ దగ్గర తొందర పనికిరాదు. ఊపిరి సగం వదిలి ఆపు, మెల్లగా వత్తిడి పెంచు. ఏడెనిమిది సెకన్లలో దెబ్బ పడకపోతే రైఫిల్ దించి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టు. పట్టుదలగా నిలబెట్టుకున్న దెబ్బే ఎక్కువగా చెడుతుంది. కొట్టాక వెంటనే తల ఎత్తి కాగితం వైపు చూస్తావు నువ్వు, నాకు తెలుసు. ఒక సెకను పాటు చెంప చెక్కకే ఉంచు. పిల్లకు ఇంకొకటి నేర్పు. గురి పెట్టి, కళ్లు మూసి, రెండుసార్లు ఊపిరి పీల్చి తెరవమను. సైటు పక్కకు జరిగి ఉంటే చేతులతో లాగకూడదు, పాదాలు జరుపుకోవాలి. పోటీ కాగితం మీద పది పాయింట్ల బొట్టు వెడల్పు అర మి.మీ. మాత్రమే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచిందీ, 2012లో లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఆ చుక్క మీదనే. చేతులతో లాగి పట్టుకున్న గురి అంత చిన్న చుక్క మీద నిలవదు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన మాట. మీ బావి వెనక రాతిగుండుకు కాగితం ఆనించి కొడుతున్నానని రాశావు. రేపే మానెయ్. మన వైపు ఎటు చూసినా ఈ రాళ్లే, వాటిని చూసి చూసి మనకు భయం పోయింది. సీసం పెల్లెట్ ఆ రాతికి తగిలి ఎటు తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరు, పది మీటర్ల నుంచి తిరిగి వచ్చినదైనా కన్ను తీసేస్తుంది. మందపాటి చెక్కపెట్టెలో పాత బట్టలు గట్టిగా కుక్కి, వెనక ఇనుప రేకు పెట్టి, దాని ముందు కాగితం కట్టు. ఇద్దరూ కళ్లద్దాలు పెట్టుకోండి. పక్కకు పోయిన పెల్లెట్ కూడా ఆగేలా పెట్టె వెనక మట్టి గట్టు ఉండాలి, పశువులు తోలుకుపోయే దారి అటు ఉండకూడదు. 20 జౌల్స్ శక్తికి మించని 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, నిజమే. అంతమాత్రాన అది ఆటబొమ్మ కాదు. మీ పక్క చేన్లకు వచ్చే నెమళ్ల మీద, పిట్టల మీద ఎవరైనా సరదాకు గురిపెడితే నువ్వే ఆపు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అది లేకపోయినా తప్పే.

ఈ వారం సైటు అసలు తాకకుండా, మరలు బిగించి, ఏరిన పెల్లెట్లతో, ఇసుక సంచి మీద కొట్టు. ఒక్కో కాగితం మీద ఐదు కాదు, పది. ఐదింటిలో అదృష్టం కలిసొస్తుంది, పదింటిలో దాగదు. తర్వాత అదే రైఫిల్‌తో నిలబడి పది కొట్టు. సంచి మీద గుంపు చిన్నదై, నిలబడినప్పుడు చెదిరితే తప్పు రైఫిల్‌ది కాదు. రెండింటిలోనూ చెదిరితే పెల్లెట్ల డబ్బా మార్చి చూడు. రెండు రకాల కాగితాలూ పోస్టులో పంపు, ఫోనులో ఫోటోలు వద్దు. రంధ్రం గుండ్రంగా పడిందా, పొడుగ్గా చినిగిందా అని వేలితో తడిమి చూడాలి నేను.

నీ,
రాములు